మంచినీళ్ళ సంగతి

రాజమండ్రి,
ఆదివారం మధ్యాహ్నం.

చి॥ చిన్నాకి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నా మోకాళ్ళు తప్ప. ఇది కాగితం మీద రాసి, మేడ మీద అద్దెకున్న పిల్ల చేత ఫొటోలు తీయించి వాట్సాప్‌లో పంపిస్తున్నాను. అక్షరం ఆనకపోతే వేళ్ళతో పెద్దది చేసుకుని చదువు. ఫోన్లో చెప్పొచ్చు కదా అనకు. ఫోన్లో నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు, ఆ సరేల మధ్య నేను చెప్పాల్సింది మర్చిపోతాను.

వాళ్ళిద్దరూ మ్యూనిక్‌లో మీ ఇంటికి వచ్చినప్పుడు తిప్పడానికి నువ్వు వేసిన ప్లాను నిన్న మీ అమ్మ నాకు ఫార్వర్డ్ చేసింది. పన్నెండు రోజులు, ఏడు దేశాలు. ఎంత ముచ్చటగా వేశావురా, ప్యారిస్‌కి గులాబీ రంగు, స్విట్జర్లాండ్‌కి ఆకుపచ్చ, ఇటలీకి నారింజ. పదో తరగతిలో చదువుకి టైంటేబుల్ కూడా ఇలాగే స్కెచ్‌పెన్నులతో వేశావు. ఆ టైంటేబుల్ ప్రకారం ఒక్క రోజన్నా చదివిన గుర్తు నాకు లేదు గానీ గోడకి మాత్రం బాగుండేది. సరే, రాత్రి పదకొండున్నరకి ప్యారిస్‌లో బస్సెక్కి తెల్లారేసరికి ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగడం అన్న గడి దగ్గర మాత్రం నా కళ్ళు ఆగిపోయాయి. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, షుగరు, కాళ్ళు చాపుకోవడానికి లేని సీటు. మీ నాన్నగారు పైకేమీ అనరు. అనరని నీకూ తెలుసు.

అయినా నేను కలం పట్టింది ఆ ప్లాను చూసి కాదు. ఫోను పెట్టేసే ముందు మీ అమ్మ ఒక మాటంది. "తిరిగే రోజుల్లో ముందురోజు సాయంత్రం నుంచే మంచినీళ్ళు తగ్గించేస్తానక్కా, పిల్లలకి ఇబ్బంది ఉండదు" అంది. ఊరెళ్తూ గ్యాసు కట్టేస్తానన్నంత మామూలుగా అంది. నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు ఇంటి సంగతులు నాలుగు చెప్పేసి దాని దగ్గరికి వస్తాను. వీసా తొంభై రోజులకి వచ్చిందన్నారు, సంతోషం. వీసా కోసమని 30,000 యూరోల ఇన్సూరెన్సు కట్టించావు కదా, అలాంటివి పాత జబ్బులకి మామూలుగా పనికిరావు. అందుకని మీ నాన్నగారి మందులు మూడు నెలలకీ సరిపడా, డాక్టరు చీటీతో సహా చేతిసంచీలోనే పెట్టమను. నెయ్యి, పాలకోవా సర్దుతున్నానంది మీ అమ్మ. పాలతో చేసినవేవీ ఆ దేశాల్లోకి తేనివ్వరని నేను చెప్పాను, నువ్వు కూడా చెప్పు, నా మాట నమ్మినట్టు లేదు. ఆవకాయకి ఇబ్బంది లేదు. ఆదివారం పూట మిక్సీ వేయకూడదని, చెత్త ఏ డబ్బాలో ఏది వేయాలో, మొదటి రోజే చెప్పకు. మూడో రోజు చెప్పు. వచ్చీ రాగానే చెబితే అత్తగారింటికి వచ్చినట్టుంటుంది దానికి.

తలుపు సంగతి మాత్రం మొదటి రోజే చెప్పాలి. మీ తలుపులు లాగితే వాటంతటవే తాళం పడిపోతాయి. జ్యూరిక్‌లో మా అమ్మాయి, అదే మీ అక్క ఇంట్లో తలస్నానం చేసి, తలకి తువ్వాలు చుట్టుకుని, పక్కింటివాళ్ళ పిల్లి ఎందుకు అరుస్తోందా అని వరండాలోకొచ్చాను. వెనక టక్కుమంది. నైటీతో, ఆ తువ్వాలుతో గంటన్నరసేపు మెట్ల మీద కూర్చున్నాను. పిల్లి మాత్రం తోడు కూర్చుంది. కాబట్టి ఒక తాళంచెవి తాడుకి కట్టి మీ అమ్మ మెడలో వెయ్యి. నవ్వుతుంది, వేసుకుంటుంది.

వంటింట్లో ఒక పొయ్యి దానికి వదిలెయ్యమని కోడలికి చెప్పు. పాపం ఆ పిల్ల ఉద్యోగం చేసుకుంటూ ఇద్దరు పెద్దవాళ్ళని మూడు నెలలు చూసుకోవాలి, అదేమీ తేలిక కాదు. దానికి నా ముద్దులు. మీ అమ్మ కూర్చోలేదు, కూర్చోబెట్టకండి. మీ నాన్నగారికి ఖాళీ సీసాల డ్యూటీ ఇవ్వు. సూపర్ మార్కెట్లో మిషనులో ఒక్కో ప్లాస్టిక్ సీసా వేస్తే 25 సెంట్లు తిరిగొస్తాయట కదా, బ్యాంకులో క్యాషియరుగా చేసిన మనిషి, ఆ చీటీలు లెక్కపెట్టుకుంటూ హాయిగా ఉంటారు.

ఇక మంచినీళ్ళు.

నాన్నా, మీ అమ్మ ఈ విద్య అక్కడికి రావడానికి నేర్చుకోలేదు. మా తరం ఆడవాళ్ళందరికీ వచ్చు. నా మొదటి పోస్టింగు 1979లో, జిల్లా పరిషత్ హైస్కూలు. ఊరి పేరు చెప్పను, నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇంకా ఆ ఊళ్ళో ఉన్నారు. మేము ఆడ టీచర్లం నలుగురం. బడికి దొడ్డి లేదు. మగవాళ్ళకి కాలవగట్టు ఉండేది. పొద్దున్న ఏడింటికి అరగ్లాసు కాఫీ తాగి బస్సెక్కితే, మళ్ళీ ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగేసరికి సాయంత్రం ఆరు. ఒంటిపూట బళ్ళు పెట్టారంటే మాకు పండగ. ఎండ తప్పిందని అనుకునేవాళ్ళు అందరూ. హెడ్మాస్టరుగారిని అడిగితే, "నలుగురే కదమ్మా, సర్దుకోండి" అన్నారు. మంచివాడే ఆయన, మా ఇంట్లో పెళ్ళికి కూడా వచ్చారు. ఆ ముక్క ఆయన బుర్రకి ఎక్కలేదంతే.

చివరికి మేమే తలా కాస్త వేసుకుని బడి వెనక తాటాకు దడి కట్టించుకున్నాం. దానికి తలుపు లేదు. కుట్లు టీచరు కాపలా నిలబడేది. ఎవరైనా అటు వస్తుంటే గొంతెత్తి త్యాగరాజ కీర్తన అందుకునేది. ఆవిడకి పాట రాదు. ఆవిడ పాడుతోందంటే లోపలున్నవాళ్ళకి భయమూ నవ్వూ రెండూనూ. ఊళ్ళో మాత్రం ఆవిడకి సంగీతం టీచరని పేరొచ్చింది, ఒకాయన వాళ్ళమ్మాయికి పాఠం చెప్పమని కూడా అడిగాడు. ఎక్కడుందో ఇప్పుడు. తరవాత నాకు కిడ్నీలో రాయొచ్చినప్పుడు అది ఆ బడి పుణ్యమేనని డాక్టరు అనలేదు, నేను అంటాను. గయలో మీ అమ్మమ్మ పడిపోయిన సంగతి నీకు తెలిసిందే, మళ్ళీ రాయను. అదీ ఇలా నీళ్ళు మానుకోబట్టే.

నువ్వు అనొచ్చు, ఇది యూరప్ పెద్దమ్మా, అడుగడుక్కీ శుభ్రమైన బాత్రూములుంటాయి అని. ఉంటాయి. నేను చూశాను. కానీ తలుపు ముందు నాణెం అడుగుతాయి. మీ హైవేల మీద పెట్రోలు బంకుల దగ్గర గేటులో ఒక యూరో వేస్తే గాని లోపలికి వెళ్ళనివ్వదు. తిరిగి ఒక చీటీ ఇస్తుంది, అది పక్క కొట్లో కాఫీకి పనికొస్తుందని మీ అక్క చెప్పింది. మీ అమ్మ ఏం చేస్తుందో చెప్పనా? ఒక యూరో అంటే ఎన్ని రూపాయలో లెక్క కడుతుంది. ఆ గుణకారం అయ్యేసరికి "నాకేం వద్దు లేరా, మీరు వెళ్ళి రండి" అంటుంది. ఆ చీటీకిచ్చే కాఫీ కూడా తాగదు, తాగితే మళ్ళీ వెళ్ళాలి కనక.

అంచేత కొన్ని రాసుకో. రైల్లో బాత్రూము ఊరికే, స్టేషన్లో డబ్బు. కాబట్టి దిగడానికి పావుగంట ముందే రైల్లోనే అందరూ వెళ్ళాలి. మ్యూజియంలో టిక్కెట్టు కొన్నాక లోపల ఊరికే, బయటికొచ్చే ముందు మళ్ళీ. జర్మనీలో కొన్ని ఊళ్ళలో హోటళ్ళ అద్దాల మీద స్టిక్కరు అతికిస్తారు, దాన్ని నెట్టె టాయ్‌లెటె అంటారట. అక్కడ ఏమీ కొనకపోయినా లోపలికి వెళ్ళొచ్చు. ప్యారిస్ వీధుల్లో ఉండే బూడిదరంగు గదులు ఊరికేనే, కానీ ఒకళ్ళు బయటికి రాగానే తలుపు పట్టుకుని దూరిపోకూడదు. తలుపు మూసుకుని లోపలంతా దానంతటది కడుక్కుంటుంది. మనం లోపలుంటే మనల్ని కూడా. మీ అక్క నన్ను ఆఖరి క్షణంలో కొంగు పట్టుకుని వెనక్కి లాగింది.

అన్నిటికంటే ముఖ్యం, మీ అమ్మని అడగకు. "అమ్మా, వెళ్తావా?" అని నలుగురిలో అడిగావా, వెళ్ళనంటుంది. మీ నాన్నగారు వింటున్నారు, కోడలు వింటోంది, దారినపోయే తెల్లవాళ్ళు కూడా వింటున్నారని దాని భయం. ఆ ప్రశ్నకి అది జన్మలో అవునని చెప్పదు. నువ్వే ఆగు. "నాకు వెళ్ళాలి, పదండి" అను. రెండు గంటలకొకసారి నీకే అవసరం రావాలి. నీకు అవసరం లేకపోయినా రావాలి. కోడలు దాని చెయ్యి పట్టుకుని మాటల్లో పెట్టి తీసుకెళ్ళాలి. అప్పుడు దాని వల్ల మీకు ఆలస్యం అవుతున్నట్టు ఉండదు, నీ వల్ల అది ఆగినట్టు ఉంటుంది.

నవ్వుకుంటున్నావు, నాకు కనిపిస్తోంది. నీకు గుర్తుండదు గానీ నీకు అయిదేళ్ళప్పుడు విజయవాడ వెళ్తున్నాం. ఎక్స్‌ప్రెస్ బస్సు. తణుకు దాటాక నువ్వు కాళ్ళు దగ్గర పెట్టుకుని మెలికలు తిరగడం మొదలుపెట్టావు. మీ అమ్మ, బస్సులో గట్టిగా దగ్గడానికి కూడా సిగ్గుపడే మనిషి, లేచి వెళ్ళి డ్రైవరు సీటు వెనక కమ్మీ పట్టుకుని నిలబడి "బాబూ, ఒక్క నిముషం, మా పిల్లాడు" అని బతిమాలి బస్సు ఆపించింది. వెనకసీట్లవాళ్ళు తిట్టారు. నువ్వు తాటిచెట్టు కింద నిలబడి తీరిగ్గా పని కానిచ్చుకుని, అక్కడున్న మేకపిల్లకి టాటా చెప్పి మరీ ఎక్కావు. ఆ రోజు ఏలూరు బస్టాండులో ఏమైనా తాగవే అంటే మీ అమ్మ గోలీ సోడా నీకు పట్టించింది, తను ముట్టుకోలేదు. ఇన్నేళ్ళలో తన కోసం అది ఒక్క బస్సు ఆపించగా నేను చూడలేదు.

సోడా అంటే గుర్తొచ్చింది. మీ దగ్గర కొట్లో నీళ్ళ సీసా కొంటే సగం సార్లు గ్యాసు నీళ్ళే చేతికొస్తాయి. మీ అమ్మకి ఒక్క గుక్కకే పొలమారుతుంది, ఆపైన నీళ్ళు తాగకపోవడానికి దానికి ఇంకో వంక దొరుకుతుంది. కొళాయి నీళ్ళే తాగించు. మ్యూనిక్‌కి 1883 నుంచి మాంగ్‌ఫాల్ లోయ ఊటనీళ్ళు వస్తున్నాయని మీ అక్క చదివి చెప్పింది. అంత దూరం నుంచి తెచ్చుకునే వాళ్ళు ఊరికే తెచ్చుకోరు కదా. అయినా మీ అమ్మ కాచుతుంది. కాచితే కెటిల్ అడుగున తెల్లగా సున్నం కడుతుంది, అది చూసి హడలిపోతుంది. అది సున్నమేనని, ఏమీ చెయ్యదని ముందే చెప్పు. ఇద్దరికీ చెరొక స్టీలు సీసా కొనివ్వు, సాయంత్రానికి ఖాళీ అయిందో లేదో నువ్వే మూత తీసి చూడు. చిన్నప్పుడు నీ టిఫిన్ బాక్సు మూత తీసి చూసేది కదా, అలాగ.

ఇప్పుడొక విషయం చెప్తాను, మీ అమ్మకి చెప్పకు. నేను ఈఫిల్ టవరు ఎక్కలేదు.

ఎక్కానని మీ అందరికీ చెప్పాను. పైనుంచి ఊరంతా పిండిముగ్గు పెట్టినట్టుందని కూడా చెప్పాను, నాకే ఆశ్చర్యం ఎలా చెప్పానో. ఆ మాట మా అల్లుడిది. రెండేళ్ళ కిందట మీ అక్కావాళ్ళు నన్ను వెనిస్, రోము చూపించి, చివర్న ప్యారిస్ తీసుకెళ్ళారు. వెనిస్‌లో నాలుగువందల పైచిలుకు వంతెనలు, ఎక్కడం దిగడం అంతా మెట్లే. బాత్రూము ఆ వంతెన అవతల అంటే, నేను ఇవతలే ఉండిపోయేదాన్ని. రోములో వీధివీధికీ ఇనప కొళాయి, రాత్రీ పగలూ చల్లటి నీళ్ళు పోతూనే ఉంటాయి. ముక్కులా వంగిన గొట్టాన్ని వేలితో మూస్తే పైనున్న చిల్లులోంచి పిచికారీలా ఎగుస్తాయి, పిల్లలు నోరు పెట్టి తాగుతుంటే చూస్తూ నిలబడ్డాను. నాలిక పిడచగట్టుకుపోతోంది. తాగలేదు. అల్లుడి ముందు మాటిమాటికీ ఎక్కడ అడగను అనుకున్నాను. అలా అయిదు రోజులు.

ప్యారిస్‌లో దిగిన రాత్రే మంట, చలిజ్వరం. ఇన్ఫెక్షనన్నాడు డాక్టరు. పాపం మీ అక్క టవరు టిక్కెట్లు నెల ముందు కొని పెట్టుకుంది. నేను పట్టుబట్టి అల్లుణ్ణీ పిల్లనీ పంపించాను, అది నా మంచం పక్కన కూర్చుంది. "ఇన్నిసార్లు అడిగాను కదమ్మా, ఒక్కసారి అవునంటే ఏమయ్యేది" అని ఏడిచింది. నేను దాన్ని కసిరాను. తప్పు నాదయితే గొంతు పెంచడం నాకు అలవాటు, మీ పెద్దనాన్న బతికుంటే సాక్ష్యం చెప్పేవారు. ఆ టవరు కింద నా ఫొటో ఉంది చూశావూ, అది ఎయిర్‌పోర్టుకి వెళ్ళే దారిలో టాక్సీ ఆపి తీసింది. మొహం ఎందుకంత ఉబ్బి ఉందని మీ అమ్మ అడిగింది, చలి అన్నాను. జూన్ నెల.

బయల్దేరే రోజు పొద్దున్న హోటలు పక్క వీధి మూలకి మెల్లగా నడిచాను. ఆకుపచ్చ రంగు పోతపోసిన ఇనుముతో ఒక బుల్లి మండపం, నలుగురు స్త్రీమూర్తులు పైకప్పు మోస్తున్నారు, మధ్యలోంచి దారంలా నీళ్ళు. వాలస్ అని ఒక ఇంగ్లీషు దొర 1872లో ఇలాంటివి ఊరంతా పెట్టించాడట. యుద్ధంలో ఊరు ముట్టడిలో చిక్కి, జనానికి తాగడానికి మంచినీళ్ళు కరువైన రోజుల తరవాత. మొదట్లో గొలుసుతో లోటాలు కూడా వేలాడేవట. మనకి కాటన్ దొర ఎలాగో వాళ్ళకి ఈయన అనుకున్నాను. వేసవి రాగానే మీ తాతగారు వీధరుగు పక్కన తాటాకు పందిరి వేసి, ఇసకలో కొత్త కుండలు దింపి, వట్టివేళ్ళు వేసి చలివేంద్రం పెట్టేవారు. నేనూ మీ అమ్మా వంతులేసుకుని నీళ్ళు పోసేవాళ్ళం. అది చెయ్యి అందక పీట ఎక్కేది. బాటసారులు దోసిలి పట్టి తాగి తాగి "చల్లగా ఉండమ్మా" అని దీవించి పోయేవారు. ఊరందరికీ పోశాం. ప్యారిస్‌లో ఆ మండపం దగ్గర నేనూ దోసిలి పట్టాను. కడుపునిండా తాగాను. ఎవరూ నన్ను చూడలేదు.

సరే. నీ ప్లాను గురించి అడిగావు కనక చెప్తున్నాను (అడగలేదనుకో). ఏడు దేశాలూ వద్దు. బ్రస్సెల్స్‌లో మూడు గంటలు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పూట, వాళ్ళకి మిగిలేది బస్సు కిటికీ. ప్యారిస్‌కి విమానంలో వెళ్ళి నాలుగు రోజులు కూర్చోండి. అక్కడ హోటల్లో అడిగితే కూజాతో నీళ్ళు ఊరికే ఇస్తారు, మీ జర్మనీలోలా కొనక్కర్లేదు. టవరు మీ అమ్మ ఎక్కాలి. తరవాత జ్యూరిక్‌లో మీ అక్క ఇంట్లో అయిదు రోజులు. ఆ ఊళ్ళో వీధి ఊటలు 1,200 పైనే. అక్కణ్ణుంచి రైన్ జలపాతం దగ్గరే, ఎత్తు 23 మీటర్లే గానీ 150 మీటర్ల వెడల్పున ఉరుకుతుంటే ధవళేశ్వరం దగ్గర వరద చూసినట్టుంటుంది, మీ నాన్నగారికి నచ్చుతుంది. యుంగ్‌ఫ్రావ్ మంచుకొండ మీదికి రైలుందని రాశావు, ఆ రైలు ఆగే చోటే 3,454 మీటర్ల ఎత్తు. మీ నాన్నగారికి బి.పి. కూడా, డాక్టర్ని అడక్కుండా ఎక్కించకు. ఆ టిక్కెట్టు డబ్బుతో ఇంకేమైనా చెయ్యొచ్చు.

మిగతాదంతా మ్యూనిక్ నుంచే, పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి ఇంటికి రావడం. పెద్దవాళ్ళకి రాత్రి తమ మంచం తమకుండాలి. నువ్వు పోయినేడు వీడియో పంపావే, కోనిగ్‌స్‌జే అని కొండల మధ్య సరస్సు, 1909 నుంచి బ్యాటరీ పడవలేనట, చప్పుడే లేదు, మధ్యలో పడవ ఆపి బూర ఊదితే కొండ తిరిగి ఊదుతుంది. పాపికొండల లాంచీలో మైకు గోలతో చెవులు చిల్లులు పడ్డ మీ అమ్మని అక్కడ కూర్చోబెట్టు. ఎక్కే ముందు నీకు అవసరం రావాలి, మర్చిపోకు.

ఇంకొకటి నా కోసం. ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పాను. ప్రతి ఏడూ బెత్తంతో మ్యాపు మీద డాన్యూబ్ నది గీత పట్టుకుని వెళ్ళేదాన్ని, పది దేశాల్లోంచి పారే నది రాయండర్రా అని. చూడలేదు. పాసావ్ మీకు రైల్లో రెండు గంటల పైచిలుకేనట. అక్కడ డాన్యూబ్, ఇన్, ఇల్జ్ మూడూ కలుస్తాయి. ఒకటి నల్లగా, ఒకటి పచ్చగా వచ్చి కలిసినా కాసేపు దేని రంగు దానిదే అంటారు. మీ అమ్మ చూస్తే త్రివేణి సంగమం అంటుంది, నెత్తి మీద మూడుసార్లు నీళ్ళు చల్లుకుంటుంది. చల్లుకోనీ. ఎవరైనా చూస్తారని దాన్ని తొందరపెట్టకు. నాకు వీడియో కాల్ చెయ్యి, మన టైము అర్ధరాత్రయినా సరే.

ఇంత రాసి నిన్ను విసిగించానా? నువ్వు వాళ్ళని పిలిపించుకుంటున్నావంటే నాకెంత గర్వంగా ఉందో అది రాయడం మానేసి బాత్రూముల గురించి నాలుగు కాగితాలు నింపాను. జీతంలోంచి ఎన్ని నెలలు దాచావో కోడలు నాకు చెప్పింది. చలిలో టోపీ పెట్టుకుంటున్నావా? జుట్టు పల్చబడుతోంది ఫొటోలో.

మరొక్క ముక్క. మీ అమ్మ చేతిసంచీ పక్క అరలో, దానికి తెలియకుండా, పసుపురంగు గుడ్డసంచీ ఒకటి కుట్టిపెట్టాను. రెండేళ్ళ కిందటి ప్రయాణంలో నేను ఖర్చు పెట్టని నాణేలు అందులో ఉన్నాయి. యాభై సెంట్లవి ఇరవై ఒకటి, యూరోలు నాలుగు. మొత్తం పద్నాలుగున్నర. ఎయిర్‌పోర్టులోనే తీసి నీ జేబులో వేసుకో. అది కనిపెట్టి అడిగితే నీవేనని చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ